ఒకే పేజీ, నలభై చేతులు

తరగతి గదిలోకి వచ్చిన ఆన్‌లైన్ సాధనాల్లో రెండు తరహాలున్నాయి. పవర్‌పాయింట్, గూగుల్ స్లైడ్స్, కాన్వా, ప్రెజీ వంటివి చూపించడానికి పనికొస్తాయి. టీచరు ముందే సిద్ధం చేసుకున్న బొమ్మలు, మాటలు, వీడియోలు తెర మీద ఒక్కొక్కటిగా వస్తుంటే పిల్లలు చూస్తారు, వింటారు. గూగుల్ డాక్స్, గూగుల్ షీట్స్, ఈథర్‌ప్యాడ్, పాడ్‌లెట్ వంటివి కలిసి రాయడానికి పనికొస్తాయి. వీటిలో పేజీ ఒక్కటే, రాసే చేతులు మాత్రం చాలా. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లకు ఆ రాత అప్పటికప్పుడు కనిపిస్తుంటుంది. ఈ రెంటి మధ్య గీత ఇప్పుడు దాదాపు చెరిగిపోయింది. స్లైడ్లను కూడా పదిమంది కలిసి తయారు చేయొచ్చు, డాక్స్ పేజీని కూడా తెర మీద చూపించొచ్చు. అయినా బడిలో తెర వెలిగిందంటే ఎక్కువగా జరిగేది చూపించడమే. పిల్లలకు అసలు మేలు కలిసి రాయడంలో ఉంది.

చూపించే సాధనాలన్నిటికీ పెద్దన్న పవర్‌పాయింట్. అమెరికాలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ దాన్ని రూపొందించారు. 1987 ఏప్రిల్‌లో ఆపిల్ మాకింటోష్ కంప్యూటర్ల కోసం విడుదలైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లిచ్చి ఆ కంపెనీని కొనేసింది. మన దేశంలో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం మొదలైందీ 1987లోనే. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం 2 గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్లతో సహా కనీస బోధన సామగ్రి ఉండాలన్నది దాని ఉద్దేశం. అక్కడ ఆఫీసు మీటింగుల్లో స్లైడ్లు కంప్యూటర్ మీదికి వస్తున్న రోజుల్లో ఇక్కడ ఊరి బడికి నల్లబల్ల చేర్చడమే పెద్ద పని. ఆ దూరం నాలుగు దశాబ్దాల లోపే ఇంతగా తగ్గడం చిన్న సంగతి కాదు.

అయితే పవర్‌పాయింట్ పుట్టింది బడి కోసం కాదు. ఒకరు నిలబడి చెబుతుంటే మిగతావాళ్లు కూర్చుని వినే మీటింగు కోసం పుట్టింది. తరగతి గదికి ఆ పద్ధతి అప్పటికే అలవాటు. అందుకే స్లైడ్లు ఏ అడ్డూ లేకుండా బడిలోకి వచ్చేశాయి, పాఠం చెప్పే తీరును పెద్దగా కదిలించకుండానే.

కలిసి రాయడం అనే ఆలోచన ఇంకా పాతది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజినీరు ఒక ప్రదర్శన ఇచ్చారు. తాను ఆ నగరంలో వేదిక మీద ఉండి, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో మెన్లో పార్క్‌లో ఉన్న సహోద్యోగితో కలిసి ఒకే తెర మీద పనిచేసి చూపించారు. జనం మౌస్‌ను మొదటిసారి చూసిందీ ఆ రోజే. ఆ పని మామూలు జనం చేతికి రావడానికి మాత్రం దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2005లో రైట్‌లీ అనే వెబ్ ఆధారిత రాత సాధనం వచ్చింది. 2006లో గూగుల్ దాన్ని కొని గూగుల్ డాక్స్‌గా మార్చింది. 2007లో స్లైడ్లు తయారు చేసే సౌకర్యం చేర్చింది. 2014లో బడుల కోసం గూగుల్ క్లాస్‌రూమ్ తెచ్చింది.

ఇద్దరు ఒకేసారి ఒకే వాక్యాన్ని మారుస్తుంటే పేజీ చిందరవందర కాకుండా ఎలా ఉంటుంది? 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికో ఉపాయం ప్రతిపాదించారు. గూగుల్ డాక్స్ వంటివి నడుస్తున్నది ఆ దారిలోనే. పేజీ మీద "వాన వచ్చింది" అని ఉందనుకుందాం. కంప్యూటర్ లెక్కలో ఇది 12 సంకేతాలు. వ, దీర్ఘం, న, ఖాళీ, వ, చ, పొల్లు, మళ్లీ చ, గుడి... ఇలా ప్రతిదీ విడిగా లెక్కకొస్తుంది. ఒక పిల్ల వాక్యం మొదట్లో "జోరు " అని చేర్చింది. ఖాళీతో కలిపి 5 సంకేతాలు. సరిగ్గా అదే క్షణంలో ఇంకో పిల్లాడు 12వ సంకేతం తర్వాత చుక్క పెట్టాడు. అతని తెర మీద "జోరు" ఇంకా రాలేదు. ఆ చుక్కను యంత్రం ఉన్నదున్నట్టు 12 తర్వాతే పెడితే "జోరు వాన వచ్.చింది" అవుతుంది. వత్తు విరిగి చుక్క నడుమ పడుతుంది. అందుకే దూరాన ఉన్న సర్వర్ ముందు వచ్చిన మార్పును చూసి, రెండో మార్పు చోటును 12 నుంచి 17కు జరుపుతుంది. చుక్క వాక్యం చివరే పడుతుంది. నలభై మంది రాస్తున్నా పేజీ నిలబడేది ఈ లెక్క వల్లే.

అక్షరాలు ఇలా ముక్కలుగా ఉండటం తెలుగుకు అప్పుడప్పుడూ తిప్పలు తెచ్చింది. 2018 ఫిబ్రవరిలో కంటికి కనిపించని ఒక సంకేతం కలిసిన "జ్ఞా" తెర మీదికొస్తే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు మూతపడిపోయేవి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేసింది.

రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో ఇప్పుడు తెరలకు కొదవ తగ్గుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద పనులు జరిగిన ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకి రాయగల పెద్ద ప్యానెళ్లు అమర్చారు. ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. తెలంగాణలో కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లు పాఠాలను ఇళ్లకు చేర్చాయి. కేంద్రం 2017లో తెచ్చిన దీక్షా వేదిక పాఠాలు పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ల ద్వారా అందుతున్నాయి. ఇవన్నీ పైనుంచి కిందికి వచ్చే పాఠాలు. పిల్లల రాత పైకి వెళ్లే దారి వీటిలో సన్నం. పైగా నెట్ లేని బడులు ఇంకా ఎన్నో. దేశంలోని బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ 2023–24 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఇంటర్నెట్ ఉన్న బడులు దాదాపు 54 శాతమే.

ముందు చూపించడం గురించే చూద్దాం. అది తప్పు పని కాదు. గుండె కవాటాలు ఎలా తెరుచుకుంటాయో, గ్రహణం ఎలా పడుతుందో చాక్‌పీస్‌తో గీసి చెప్పడం కంటే కదిలే బొమ్మతో చూపిస్తే పిల్లాడికి తేలిగ్గా బోధపడుతుంది. చిక్కంతా స్లైడ్ నిండా వాక్యాలు నింపి, వాటినే చదివి వినిపించడంలో ఉంది. మనిషి ఒకసారికి మనసులో పట్టి ఉంచుకోగలిగింది చాలా కొద్ది. ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1980లలో ఈ పరిమితి చుట్టూనే తన సిద్ధాంతాన్ని నిర్మించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా దీనికి దగ్గరే. బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే పిల్లలు బాగా నేర్చుకుంటారు. బొమ్మ పక్కన అవే మాటలు రాసిపెట్టి, వాటినే చదివితే అంత బాగా నేర్చుకోరు. కన్ను అక్షరాల మీదికి, బొమ్మ మీదికి అటూ ఇటూ పరుగెడుతుంది, చెవి ఇంకోవైపు లాగుతుంది.

దీనికో మినహాయింపు ఉంది, మన బడులకు అది ముఖ్యం. వినే భాష పిల్లలకు కొత్తదైతే, మాట కఠినమైన సాంకేతిక పదమైతే, దాన్ని తెర మీద రాసి చూపడం మేలే చేస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు మీడియం అయిన పిల్లకు "ఫొటోసింథసిస్" అనే మాట చెవిన పడితే చాలదు. దాని ఇంగ్లిషు స్పెల్లింగు, పక్కనే "కిరణజన్య సంయోగక్రియ", రెండూ కళ్ల ముందు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2020–21 నుంచి ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. స్లైడ్‌కు కూడా అదే పద్ధతి బాగుంటుంది. అయితే అక్కడ పేరాలు వద్దు. ముఖ్యమైన మాటలు రెండు భాషల్లో, నడుమ బొమ్మ, మిగతాదంతా టీచరు నోటితో.

తెలుగు స్లైడ్‌కు అక్షరాల పరిమాణం మరీ ముఖ్యం. ఇంగ్లిషు అక్షరం ఒకే గీత మీద నడుస్తుంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు, వట్రుసుడి ఉంటాయి. పరిమాణం కాస్త తగ్గితే ముందు మాయమయ్యేవి ఇవే. వెనక బెంచీ నుంచి "క్రమం" లోని "క్ర", "కృషి" లోని "కృ" ఒకేలా కనిపిస్తాయి. "థ" పొట్టలో చుక్క, "ధ" కింద గీత అక్కడిదాకా అందవు. పిల్లలు ఊహించుకుని రాసుకుంటారు, ఆ తప్పు నోటుపుస్తకంలో స్థిరపడిపోతుంది. దీనికి తిరుగులేని పరీక్ష ఒక్కటే. పిల్లలు రాకముందు స్లైడ్ వేసి, కిటికీలు తెరిచి, టీచరు స్వయంగా చివరి బెంచీలో కూర్చుని చదవాలి. ఎండ పడి తెర తెల్లబోతుందా, ట్యూబ్‌లైటు మెరుపు మధ్యలో పడుతుందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. మామూలుగా 5 వరుసలకు మించి పెట్టకుండా, వరుసల మధ్య ఇంగ్లిషుకు వదిలే దానికంటే ఎక్కువ ఎడం వదిలితే చదవడానికి హాయిగా ఉంటుంది.

ఫాంట్ల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ప్రశ్నపత్రాలు, పాత నోట్సులు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసినవి. వాటిని తెచ్చి గూగుల్ డాక్స్‌లో పెడితే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుట్ట కనిపిస్తుంది. ఫైలు పాడైపోయిందని చాలామంది వదిలేస్తారు. నిజానికి పాడు కాలేదు. ఆన్‌లైన్ సాధనాలకు తెలిసింది యూనికోడ్ తెలుగు మాత్రమే. పాత అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, మార్చాక ఒకసారి వత్తులు సరిచూసుకుంటే సరిపోతుంది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ స్లైడ్స్‌లోనూ దొరుకుతాయి. పాఠానికి మండలి, నోటో సాన్స్ వంటి సాదా ఫాంటు, శీర్షికకు మాత్రమే రామభద్ర వంటి బరువైన ఫాంటు వాడితే అందం, చదువు రెండూ దక్కుతాయి. టైపింగు రానివాళ్లకు గూగుల్ డాక్స్‌లో నోటితో చెబితే తెలుగులో రాసుకునే సౌకర్యం కూడా ఉంది. చుక్కలు, కామాలు ఆ తర్వాత చేత్తో పెట్టుకోవాలి.

చూపించడం నుంచి అడగడానికి రావడం తర్వాతి మెట్టు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. కాసేపు చెప్పడం, ఒక ప్రశ్న వేయడం, అందరిచేతా జవాబు ఎంచుకునేలా చేయడం. సరైన జవాబు ఎంచుకున్నవాళ్లు మరీ కొద్దిమందైతే పాఠం మళ్లీ చెప్పాలి. దాదాపు అందరూ ఎంచుకుంటే ముందుకు సాగొచ్చు. రెంటికీ మధ్యన ఉంటే, అంటే సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, పక్కవాళ్లతో వాదించుకోమని వదిలి, మళ్లీ ఎంచుకోమనాలి. నిన్న మొన్ననే నేర్చుకున్న పిల్లాడికి పక్కవాడు ఎక్కడ తడబడుతున్నాడో టీచరు కంటే బాగా తెలుసు. ఈ పద్ధతిలోని బలం అదే.

దీనికి పిల్లలందరి చేతుల్లో ఫోన్లు అక్కర్లేదు. ప్లికర్స్ అనే సాధనంలో ప్రతి పిల్లకూ ఒక కాగితం కార్డు ఇస్తారు. దాని మీద క్యూఆర్ కోడ్‌లాంటి నల్లటి గుర్తు ఉంటుంది, నాలుగు అంచులు నాలుగు జవాబులు. ఎంచుకున్న జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, టీచరు తన ఒక్క ఫోన్ కెమెరాతో గదంతా చూపుతారు. క్షణాల్లో లెక్క ప్యానెల్ మీదికొస్తుంది. ప్రతి కార్డు మీద గుర్తు వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. కార్డులు ఒకసారి ప్రింటు తీసి అట్టకు అంటిస్తే ఏళ్లకేళ్లు వస్తాయి. 7వ తరగతికి ఇలాంటి ప్రశ్న వేయొచ్చు: "ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా బయట చుక్కలు పేరుకున్నాయి. ఆ నీళ్లు ఎక్కడివి?" సీసాలోంచి కారాయనేవాళ్లు ఉంటారు, చల్లదనమే నీళ్లయిందనేవాళ్లు ఉంటారు, గాలిలోంచి వచ్చాయనేవాళ్లు ఉంటారు. తెర మీద మూడు జవాబులకూ దాదాపు సమానంగా ఓట్లు కనిపించిన క్షణంలో గది నిండా మాటలు మొదలవుతాయి. "మూత గట్టిగా ఉంటే ఎలా కారుతుంది?" అని ఒక పిల్ల అడగ్గానే పక్క బెంచీలో రెండు కార్డులు తిరిగిపోతాయి. నార్వేలో పుట్టిన కహూత్ కూడా ఇలా ప్రశ్నలడిగే సాధనమే, పైగా ఆటలా ఉంటుంది. కానీ అందులో తొందరగా నొక్కినవాళ్లకు ఎక్కువ మార్కులు. నిదానంగా ఆలోచించే పిల్లలకు అది న్యాయం కాదు.

ఇక కలిసి రాయడం. దీని సత్తా బాగా కనిపించేది అందరి దగ్గరా తలా ఒక ముక్క ఉండి, ఎవరి దగ్గరా మొత్తం లేని విషయాల్లో. తెలుగు మాండలికాలు అలాంటివి. 8వ తరగతి తెలుగు పీరియడ్‌లో ఒక గూగుల్ షీట్ తెరిచి నాలుగు నిలువు వరుసలు పెడితే చాలు: వస్తువు, ఇంట్లో దాన్ని ఏమంటారు, చెప్పింది ఎవరు, వాళ్ల సొంత ఊరు. పిల్లలు రాత్రికి ఇంట్లో అడిగి రావాలి. మర్నాడు ఒక్కొక్కరూ వచ్చి ప్యానెల్ మీదో, ట్యాబ్‌లోనో తమ వరుస నింపుతారు. వేరుశనగ ఎదురుగా "పల్లీలు" పది చోట్ల పడుతుంది. తర్వాత ఎవరో "బుడ్డలు" అని రాస్తారు, గదిలో నవ్వులు లేస్తాయి.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"నేనే టీచర్. మా అమ్మమ్మ వాళ్లది నంద్యాల. అక్కడ బుడ్డలే అంటారు."

కింద ఇంకెవరో "శనక్కాయలు" చేరుస్తారు. సొరకాయ పక్కన ఆనపకాయ, ఆనిగెపుకాయ వస్తాయి. టమాటా ఎదురుగా చిత్తూరు వైపు నుంచి "తక్కాళి", ఉత్తరాంధ్ర నుంచి "రామ్ములక్కాయ" దిగుతాయి. పట్టిక నిండాక టీచరు ఊరి పేరు వరుసను బట్టి మొత్తాన్ని సర్దితే, ఒక ఊరి మాటలన్నీ ఒకచోటికి చేరతాయి. ఒకే వీధిలో ఉన్న ఇద్దరు పిల్లల ఇళ్లలో వేర్వేరు మాటలుంటే, ఒకరి తల్లి మెట్టినిల్లు ఇదే గానీ పుట్టినిల్లు వేరే జిల్లా అని తేలుతుంది. మాటలు పెళ్లిళ్లతో, వలసలతో ఎలా ప్రయాణిస్తాయో పాఠ్యపుస్తకం అవసరం లేకుండానే తెలిసిపోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటానికి పదాలు సేకరించింది కూడా ఊరూరా తిరిగి, రైతుల నోట విని రాసుకునే. ఆ పద్ధతి చిన్న రూపంలో 13 ఏళ్ల పిల్లల చేతికి రావడం తెలుగు బోధనకు దక్కిన అరుదైన అవకాశం. ఇంకో జిల్లాలోని బడికి ఇదే షీట్ లింకు పంపితే పట్టిక రెట్టింపవుతుంది. నల్లబల్ల మీద, నోటుపుస్తకంలో ఇది జరిగే పని కాదు.

స్లైడ్లను కూడా ఇలాగే పిల్లల చేత చేయించొచ్చు. "మా ఊరి చెరువు" అనే పాఠానికి తరగతి అంతటికీ ఒకే స్లైడ్ల ఫైలు, జట్టుకు ఒక్క స్లైడ్. ఒక జట్టుకు కట్ట, తూము. ఒక జట్టుకు అలుగు. ఒక జట్టుకు ఆయకట్టు, దాని కింద వేసే పంటలు. ఒక జట్టుకు చెరువు మీద బతికే చేపలవాళ్లు, చాకళ్లు, గొర్రెలకాపరులు. ఒక బొమ్మ, ఒక వాక్యం, ఇంతే నియమం. మిగతాది నిలబడి నోటితో చెప్పాలి. ఒక్క వాక్యమే రాయాలనేసరికి ఏది ముఖ్యమో పిల్లలు తేల్చుకోక తప్పదు, ఆ తేల్చుకోవడంలోనే చదువుంది. టీచరు స్లైడ్ పక్కన వ్యాఖ్య పెడతారు: "పోయినసారి అలుగు ఎప్పుడు పోసింది? ఎవరిని అడిగి రాశారు?" మర్నాటికి కింద జవాబు ఉంటుంది: "మా తాతను అడిగాం సార్. ఆయన అలుగు అనడు, మత్తడి దుంకింది అంటాడు. అలాగే రాయమంటారా?" రాయమనే చెప్పాలి. ఎర్ర సిరాతో కొట్టేసిన నోటుపుస్తకంలో ఇలాంటి సంభాషణ నడవదు. రాత ఇంకా పూర్తికాకముందే, ఆలోచన తయారవుతున్నప్పుడే టీచరు దాన్ని చూడగలగడం ఈ సాధనాలు ఇచ్చిన అతిపెద్ద వరం.

ఫైలు ఏ రోజు, ఏ గంటకు, ఎవరి చేత ఎలా మారిందో చూపే మార్పుల చరిత్ర కూడా వీటిలో ఉంటుంది. మార్కులు వేసేటప్పుడు అది అక్కరకొస్తుంది, తప్పుదారీ పట్టిస్తుంది. నలుగురి జట్టులో మొత్తం ఒక్కడే, రాత్రి తొమ్మిదిన్నరకు రాసినట్టు కనిపించొచ్చు. మిగతా ముగ్గురూ ఎగ్గొట్టారని అప్పుడే తీర్పు చెప్పకూడదు. ముగ్గురి ఇళ్లలోనూ ఫోన్ లేకపోవచ్చు. ఉన్న ఒక్క ఫోన్ నాన్న పని నుంచి వచ్చేదాకా దొరకకపోవచ్చు. అందుకే రాత పని బడివేళల్లోనే, ఉన్న ట్యాబ్‌లను జట్టుకు ఒకటి చొప్పున పంచి చేయించడం మంచిది. ఇంటికి సమాచార సేకరణ మాత్రమే ఇవ్వాలి. అడిగి రావడానికి నోరుంటే చాలు, నెట్ అక్కర్లేదు. ట్యాబ్‌లే లేనిచోట కూడా ఒక్క ప్యానెల్‌తో పని నడుస్తుంది. పిల్లలు చెబుతుంటే ఒకరు టైపు చేస్తారు, రోజూ ఆ ఒకరు మారుతుంటారు.

మొదటి రోజు గోల తప్పదు. పక్కవాడి వాక్యం చెరపడం, బొమ్మల వర్షం కురిపించడం పిల్లల సహజం. పనికిరాని ఒక ఖాళీ పేజీ ఇచ్చి పది నిమిషాలు ఇష్టమొచ్చినట్టు ఆడుకోనిస్తే ఆ సరదా తీరిపోతుంది. తర్వాత మార్పుల చరిత్ర తెరిచి, చెరిపినదంతా ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చి చూపిస్తే, ఎవరు ఏం చేసినా కనిపిస్తుందన్న సంగతి మందలింపు లేకుండానే అర్థమవుతుంది. లేచి నిలబడి మాట్లాడలేని పిల్లలు ఈ పేజీల మీద మనసు విప్పుతారు. గదిలో ఏడాదంతా నోరు విప్పని అమ్మాయి పాడ్‌లెట్ గోడ మీద అందరికంటే పదునైన ప్రశ్న వేయడం అసాధ్యమేమీ కాదు. పేరు లేకుండా రాయనిస్తే ఆ ధైర్యం ఇంకా పెరుగుతుంది, దానితోపాటే వెక్కిరింపులకూ చోటు దొరుకుతుంది. టీచరు చూసి ఒప్పుకున్నాకే గోడ మీదికి వచ్చే ఏర్పాటు పెట్టుకుంటే ఆ భయం తగ్గుతుంది.

నెట్ మీద నమ్మకం పెట్టుకుని పీరియడ్ మొదలుపెట్టకూడదు. 45 నిమిషాల్లో ప్యానెల్ వెలగడానికి, లాగిన్ కావడానికి అయిదారు నిమిషాలు పోతే ఆ రోజు పాఠం కుంటుపడుతుంది. కావాల్సిన వీడియోలు ముందే దించుకోవాలి. గూగుల్ స్లైడ్స్‌ను ఆఫ్‌లైన్‌లో తెరిచేలా పెట్టుకోవాలి. కరెంటు పోయిన రోజుకు చాక్‌పీస్‌తో అదే పాఠం నడిచేలా మనసులో ఒక దారి ఉండాలి.

లింకులు పంచేటప్పుడు జాగ్రత్త అవసరం. పంచే ప్రతి ఫైలుకూ మూడు రకాల అనుమతులుంటాయి: చూడటానికి మాత్రమే, వ్యాఖ్య రాయడానికి, మార్చడానికి. "లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు" అని పెట్టి, ఆ లింకును తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వేస్తే అది ఎక్కడెక్కడికి వెళ్తుందో ఎవరికీ తెలియదు. అలాంటి పేజీలో పిల్లల పూర్తి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు, ఇంటి వివరాలు ఉండకూడదు. జట్ల పేర్లు చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మాండలికాల పట్టికలో కూడా "చెప్పింది ఎవరు" అన్న చోట "అమ్మమ్మ" అని రాస్తే సరిపోతుంది, పేరు అక్కర్లేదు.

సాధనాలకూ ఆయుష్షు ఉంటుంది. చాలామంది టీచర్లు రాతబల్లగా వాడుకున్న గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో మూతపడింది. బడి మారితే, ఖాతా తీసేస్తే ఫైళ్లూ దానితోపాటే పోతాయి. అందుకే ఏడాది చివర ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గానో, మామూలు స్ప్రెడ్‌షీట్‌గానో దించి, బడి కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచాలి. పేరు చూడగానే తెలిసేలా పెట్టాలి: "8వ తరగతి, మాండలిక పదాలు" అని, పక్కన విద్యా సంవత్సరం. జూన్‌లో బడి తెరిచాక కొత్త 8వ తరగతికి అదే పట్టిక తెరిస్తే పోయినేటి వరుసలన్నీ అలాగే ఉంటాయి. కొత్త పిల్లలు మొదటి రోజే బుడ్డల దగ్గర ఆగుతారు, కింద ఖాళీగా ఉన్న వరుసలో తమ ఊరు రాసుకుంటారు.